నమూనాకూ పద్ధతికీ నడుమ: రూత్ బెర్గ్‌హౌస్ రంగస్థల కృషి (1927–1996)

1. ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్దపు జర్మన్ దర్శకుల జీవితాలను చిత్రించేటప్పుడు చరిత్రకారులు సాధారణంగా రెండు సరిహద్దులను పాటిస్తారు. మొదటిది నాటకానికీ ఒపెరాకూ నడుమ ఉన్న సరిహద్దు. రెండవది 1949 నుంచి 1990 వరకు రెండు రాజ్యాలుగా చీలి ఉన్న జర్మనీలో తూర్పుకూ పడమరకూ నడుమ ఉన్నది. రూత్ బెర్గ్‌హౌస్ ఈ రెండు సరిహద్దులనూ దాటి పనిచేసింది. అందువల్లనే ఆమె కృషి చరిత్ర గ్రంథాలలో ముక్కలుగా కనిపిస్తుంది. నృత్య చరిత్రలో ఆమె గ్రెట్ పలుక్కా శిష్యురాలు. నాటక చరిత్రలో బ్రెహ్ట్ స్థాపించిన నాటకశాలకు ఆరేళ్లు అధిపతిగా ఉండి తొలగింపునకు గురైన వ్యక్తి. ఒపెరా చరిత్రలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో మోత్సార్ట్, వాగ్నర్ రచనలను తలకిందులు చేసిన దర్శకురాలు.

ఈ మూడు చిత్రాలూ నిజమే కాని, విడివిడిగా చూసినప్పుడు వీటి వెనుక ఉన్న సమస్య కనిపించదు. ఒక గొప్ప రంగస్థల ప్రయోక్త మరణించిన తరువాత ఆయన వారసత్వం ఎందులో ఉంటుంది? ఆయన తీర్చిదిద్దిన ప్రదర్శనలలోనా, ఆ ప్రదర్శనలకు జన్మనిచ్చిన పద్ధతిలోనా? 1956లో బ్రెహ్ట్ మరణించిన నాటి నుంచి తూర్పు బెర్లిన్ రంగస్థలాన్ని ఈ ప్రశ్న వెంటాడింది. బెర్గ్‌హౌస్ దీనికి సిద్ధాంత గ్రంథం రాసి సమాధానం చెప్పలేదు. ఆమె సమాధానం నటుల, గాయకుల నడకలో ఉంది. బ్రెహ్ట్ పద్ధతిని ఆమె బ్రెహ్ట్ సొంత నాటకశాల కంటే ఒపెరాలోనే, అందులోనూ బ్రెహ్ట్ తీవ్రంగా వ్యతిరేకించిన వాగ్నర్ ఒపెరాలలోనే, చివరి వరకు తీసుకుపోగలిగింది. అలా ఎందుకు జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. డ్రెస్డెన్: రేఖగా మారిన దేహం

బెర్గ్‌హౌస్ 1927 జూలై 2న డ్రెస్డెన్‌లో జన్మించింది. 1945 ఫిబ్రవరి వైమానిక దాడులలో ఆ నగర కేంద్రం నేలమట్టమైంది. యుద్ధానంతరం ఆ శిథిలాల నడుమ తిరిగి తెరుచుకున్న సంస్థలలో గ్రెట్ పలుక్కా నృత్య పాఠశాల ఒకటి. 1925లో స్థాపించిన ఆ పాఠశాలను నాజీలు 1939లో మూయించారు. 1945లో అది మళ్లీ ప్రారంభమైంది. 1947 నుంచి 1950 వరకు బెర్గ్‌హౌస్ అక్కడ వ్యక్తీకరణ నృత్యాన్ని, నృత్యరచనను అభ్యసించింది.

పలుక్కా శిక్షణ స్వభావం తెలిస్తే తరువాతి కథ సులభంగా అర్థమవుతుంది. మేరీ విగ్‌మన్ శిష్యురాలైన పలుక్కా తన గురువులోని తీవ్రమైన భావోద్వేగాన్ని అనుసరించలేదు. ఆమె నృత్యంలో గెంతు, మలుపు, స్థలాన్ని కోసే రేఖ ముఖ్యం. 1926లో చిత్రకారుడు కాండిన్‌స్కీ పలుక్కా నృత్యపు ఛాయాచిత్రాలను ఎదుట పెట్టుకొని, వాటిని కొన్ని వక్రరేఖలుగా, కోణాలుగా కుదించి గీశాడు. నర్తకి ముఖం అక్కడ మాయమైంది. మిగిలినది దేహం స్థలంలో చేసిన నిర్మాణం మాత్రమే. నాట్యశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, ఇది సాత్త్వికానికి అధీనం కాని ఆంగికం. లోపలి భావానికి బయటి చేష్ట గుర్తుగా నిలవాలన్న నియమం లేదు. చేష్ట తనంత తానుగా అర్థాన్ని సృష్టిస్తుంది. భరతుని వ్యవస్థతో ఈ పోలిక కొంతదూరమే నిలుస్తుంది. అక్కడ నాలుగు అభినయాలూ రసనిష్పత్తి అనే ఒకే గమ్యం వైపు నడుస్తాయి, ఇక్కడ అటువంటి ఉమ్మడి గమ్యం లేదు.

ఆ తరువాత బెర్గ్‌హౌస్ బెర్లిన్‌కు వెళ్లి కళల అకాడమీలో విశేష శిక్షణ పొందింది. బెర్లినర్ ఎన్‌సాంబుల్ రిహార్సళ్లను చూసింది. 1954లో స్వరకర్త పౌల్ దెస్సావ్‌ను వివాహమాడింది. ‘మదర్ కరేజ్’ వంటి బ్రెహ్ట్ నాటకాలకు సంగీతం కూర్చినవాడు దెస్సావ్. ఆమె బ్రెహ్ట్‌ను పుస్తకాల ద్వారా కాక, ఆయన సహచరుల పనితీరు ద్వారా తెలుసుకున్నది.

3. ‘లుకుల్లుస్’ గుణపాఠం

బెర్గ్‌హౌస్ ప్రవేశించిన కళారంగం ప్రశాంతమైనది కాదు. 1951 మార్చి 17న బెర్లిన్ ప్రభుత్వ ఒపెరా గృహంలో బ్రెహ్ట్–దెస్సావ్‌ల ‘లుకుల్లుస్ విచారణ’ తొలి ప్రదర్శన జరిగింది. సరిగ్గా అదే రోజులలో తూర్పు జర్మనీ అధికార పార్టీ కేంద్ర కమిటీ కళలో ‘రూపవాదాన్ని’ ఖండిస్తూ తీర్మానం చేసింది. రోమన్ సేనాని ఒకడు మరణానంతరం సామాన్యుల న్యాయస్థానం ముందు నిలబడే కథ అది. కథ మీద కంటే దెస్సావ్ సంగీతం మీద పార్టీకి అభ్యంతరం ఎక్కువ. తంత్రీ వాద్యాలు అరుదుగా, తాళవాద్యాలు ముందుకు తోసుకువచ్చే ఆ సంగీతం ప్రజలకు అందనిదని విమర్శ. పార్టీ పెద్దలతో చర్చల తరువాత రచయితలిద్దరూ మార్పులు చేశారు. అక్టోబరులో ఆ రచన ‘లుకుల్లుస్‌కు శిక్ష’ అన్న కొత్త పేరుతో వేదికనెక్కింది.

ఈ ఉదంతం బెర్గ్‌హౌస్ జీవితానికి నేపథ్యం మాత్రమే కాదు. ఈ ఒపెరాను ఆమె తరువాతి దశాబ్దాలలో ఒకటికి మించి సార్లు, 1983 వరకు, బెర్లిన్‌లో ప్రదర్శనకు తెచ్చింది. దెస్సావ్ తదుపరి ఒపెరాలు ‘పుంటిలా’ (1966), ‘ఐన్‌స్టైన్’ (1974), ‘లియోన్స్, లేనా’ (1979) తొలి ప్రదర్శనలకూ ఆమెయే దర్శకురాలు. చివరిది వేదికకు రాకముందే, 1979 జూన్‌లో, దెస్సావ్ మరణించాడు. భార్య భర్త రచనలను ప్రదర్శించింది అని ఒక్క వాక్యంలో తేల్చివేయదగిన విషయం కాదిది. తూర్పు జర్మనీలో ఆధునిక సంగీతానికి రంగస్థలం మీద నిలకడైన చోటు కల్పించిన కృషి ఇందులో ఉంది.

4. బ్రెహ్ట్ విడిచిపెట్టిన ఖాళీ

1964లో బెర్లినర్ ఎన్‌సాంబుల్ షేక్స్‌పియర్ ‘కొరియొలానస్’కు బ్రెహ్ట్ చేసిన అనుసరణను ప్రదర్శించింది. దర్శకులు మాన్‌ఫ్రెడ్ వెక్‌వెర్త్, యోఆహిమ్ టెన్‌షెర్ట్. ఎకెహార్డ్ షాల్ కథానాయకుడు, హెలెనే వైగెల్ అతని తల్లి. యుద్ధ సన్నివేశాల చలన సమకూర్పు బెర్గ్‌హౌస్‌ది.

ఈ నాటకాన్ని బ్రెహ్ట్ పూర్తిచేయలేదు. మొదటి అంకంలోని యుద్ధ దృశ్యాలను నటులతో రిహార్సల్ చేస్తూ రూపొందించాలని పక్కన పెట్టాడు. ఆ రిహార్సళ్లు జరగకముందే మరణించాడు. అంటే బెర్గ్‌హౌస్ చేతికి వచ్చింది బ్రెహ్ట్ ఉద్దేశపూర్వకంగా పాఠం లేకుండా విడిచిపెట్టిన చోటు. అనుకరించడానికి అక్కడ నమూనా ఏదీ లేదు.

ఆమె ఆ చోటును కత్తిసాము నైపుణ్యంతో నింపలేదు. సేనలు లయబద్ధమైన గుంపులుగా కదిలాయి. దెస్సావ్ సంగీతం మీద నాయకుల పేర్లు నినాదాలై మోగాయి. యుద్ధం ఇక్కడ వీరుల భావావేశం కాదు. కొందరు మనుషులు నేర్చుకొని చేసే ఒక వృత్తి. కొరియొలానస్ యుద్ధంలో నిపుణుడు, అందుకే తాను లేనిదే రోము లేదనుకుంటాడు అన్న బ్రెహ్ట్ వ్యాఖ్యానం, ఆ సన్నివేశాలలో మాట సాయం లేకుండానే ప్రేక్షకునికి అందింది. 1965లో నాటకసమాజం లండన్ వెళ్లి ఓల్డ్ విక్ నాటకశాలలో దీనిని ప్రదర్శించినప్పుడు ఈ యుద్ధ దృశ్యాలు ప్రత్యేకంగా చర్చకు వచ్చాయి.

బ్రెహ్ట్ అనగానే మనకు పరాయీకరణ సిద్ధాంతం గుర్తుకు వస్తుంది. ఆయన 1930లో ‘మహాగొనీ’ ఒపెరాపై రాసిన వివరణలో ప్రతిపాదించిన ‘అంగాల విభజన’ను అంతగా పట్టించుకోము. వాగ్నర్ ఆదర్శం సమస్త కళల సమ్మేళనం: సంగీతం, మాట, దృశ్యం ఒకదానిలో ఒకటి కరిగి ప్రేక్షకుణ్ణి తమలో ముంచివేయాలి. బ్రెహ్ట్ దీనికి ఎదురు నిలిచాడు. సంగీతం తన మాట తాను చెప్పాలి, పాఠం తనది తాను చెప్పాలి, దృశ్యం మూడవ మాట చెప్పాలి. మూడింటి నడుమ తేడాను గమనిస్తూ ప్రేక్షకుడు ఆలోచించాలి. దేహం రేఖగా స్వతంత్రంగా మాట్లాడగలదని డ్రెస్డెన్‌లో నేర్చుకున్న నర్తకికి ఈ సూత్రం కొత్త పాఠమేమీ కాదు. అప్పటికే తెలిసిన దానికి దొరికిన సిద్ధాంతం.

5. ‘ఎలెక్ట్రా’, ‘సెవిల్ క్షురకుడు’

అరవైలలో తూర్పు బెర్లిన్ ఒపెరా అంటే ముందుగా గుర్తుకు వచ్చే పేరు వాల్టర్ ఫెల్సెన్‌స్టైన్. 1947లో కోమిషె ఒపెరాను స్థాపించిన ఆయన, గాయకుడు పాడక తప్పని మానసిక స్థితికి చేరినప్పుడే పాట సహజమవుతుందని బోధించాడు. పాత్ర, సంగీతం, చర్య అన్నీ ఒకే భావానికి లోబడాలి. ఆయన శిష్యులు గోట్స్ ఫ్రీడ్రిష్, యోఆహిమ్ హెర్ట్స్ ఆ దారినే మొదలయ్యారు. బెర్గ్‌హౌస్ ఈ సంప్రదాయానికి వెలుపల నిలిచింది. పాట సహజమని నమ్మించడం ఆమెకు అవసరం అనిపించలేదు. మనుషులు మాట్లాడుకోక పాడుకోవడమే వింత. ఆ వింతను దాచనక్కరలేదు.

1967లో ఆమె బెర్లిన్ ప్రభుత్వ ఒపెరాలో రిచర్డ్ స్ట్రౌస్ ‘ఎలెక్ట్రా’ను ప్రదర్శించింది. వాద్యబృంద నిర్వహణ ఓట్మార్ సూయిట్‌నర్‌ది. ఉన్మాదం, రక్తదాహం ఆశించి వచ్చినవారికి కఠినమైన, లెక్కగట్టిన చలనాలు ఎదురయ్యాయి. కొద్ది ప్రదర్శనల తరువాత దానిని నిలిపివేశారు.

మరుసటి సంవత్సరం, 1968 నవంబరులో, అదే వేదిక మీద రోస్సీని ‘సెవిల్ క్షురకుడు’ వచ్చింది. రంగశిల్పి ఆఖిమ్ ఫ్రయర్. గుడ్డ తెరలతో కట్టిన తేలికైన వేదిక, ఇటలీ వీధి నాటకమైన కొమెడియా దెల్లార్తె వేషాలు, ప్రతి స్వరానికీ తగిన అడుగు. పద్ధతి ‘ఎలెక్ట్రా’లో అనుసరించినదే. కాని రోస్సీని సంగీతంలోనే యాంత్రికమైన పునరుక్తి ఉంది. ఒక పదబంధం మళ్లీ మళ్లీ తిరిగి, వేగం పుంజుకొని, మనుషులను బొమ్మలుగా మారుస్తుంది. బెర్గ్‌హౌస్ చలన రచన ఆ లక్షణాన్ని కంటికి కనిపించేలా చేసింది. ఫలితం ప్రేక్షకులకు నవ్వు తెప్పించింది, అధికారులకు అభ్యంతరం తోచలేదు. ఒకే పద్ధతి విషాదంలో నిషిద్ధమై హాస్యంలో ఆదరణ పొందడం ఆనాటి కళావిధానం గురించి చాలా చెబుతుంది. రూపవాదం మీద అనుమానం ఉన్నచోట హాస్యానికి ఎప్పుడూ కొంత మినహాయింపు దొరికేది. 1974లో ఆమె ఇదే ఒపెరాను మ్యూనిక్‌లో మరోలా, బ్రహ్మాండమైన స్త్రీ మొండెం వేదికగా, ప్రదర్శించినప్పుడు మాత్రం పశ్చిమ జర్మనీ ప్రేక్షకులు గట్టిగా నిరసించారు. బెర్లిన్‌లో మెప్పు పొందినదాన్ని పట్టుకొని వేలాడే స్వభావం ఆమెది కాదని ఆ మ్యూనిక్ ప్రదర్శన నిరూపించింది.

6. బ్రెహ్ట్ ఇంట ఆరేళ్లు

బ్రెహ్ట్ మరణానంతరం బెర్లినర్ ఎన్‌సాంబుల్‌ను నడిపింది ఆయన భార్య హెలెనే వైగెల్. ఆమె కాలంలో నాటకశాల అంతర్జాతీయ ఖ్యాతి పొందింది. అయితే ఆ ఖ్యాతిలోనే ఒక ప్రమాదం ఉంది. బ్రెహ్ట్ తన ప్రదర్శనలను వందలాది ఛాయాచిత్రాలతో, వ్యాఖ్యలతో ‘నమూనా గ్రంథాలు’గా భద్రపరిచాడు. 1949 ‘మదర్ కరేజ్’ నమూనా వాటిలో ప్రసిద్ధం. ఇతరులు వాటి నుంచి నేర్చుకొని మార్చుకోవాలన్నది ఆయన ఆశయం. ఆయన పోయాక మార్చుకోవడం అన్న మాట వెనక్కు పోయి, నమూనా ప్రమాణంగా మారింది. దేశదేశాల ప్రేక్షకులు షిఫ్‌బౌవర్‌డామ్ వీధిలోని ఆ నాటకశాలకు వచ్చి చూడాలనుకున్నది కూడా ఆ ప్రమాణాన్నే. విదేశీ ఖ్యాతి మార్పును కష్టతరం చేసింది.

1969లో వైగెల్‌తో విభేదించి వెక్‌వెర్త్ వెళ్లిపోయాడు. ఆ స్థితిలో వైగెల్ బెర్గ్‌హౌస్‌ను తనకు ఉపాధికారిగా నియమించింది. 1971 ఆరంభంలో బెర్గ్‌హౌస్ ప్రదర్శించిన ‘నగరారణ్యంలో’ బ్రెహ్ట్ యౌవనకాలపు నాటకం. ఆయన స్వయంగా ఏ నమూనా విడిచిపెట్టనిది. ఎంపికలోనే ఒక ప్రకటన ఉంది. ఆ ఏడాది మే 6న వైగెల్ మరణించగా నాటకశాల సంపూర్ణ బాధ్యత బెర్గ్‌హౌస్‌కు వచ్చింది.

ఆమె చేసిన మార్పులలో ఆమె సొంత ప్రదర్శనల కంటే ఆమె తలుపులు తెరిచిన వ్యక్తులే ముఖ్యమని చెప్పవచ్చు. 1961లో ఒక నాటకం కారణంగా రచయితల సంఘం నుంచి బహిష్కృతుడైన హైనర్ ముల్లర్‌ను ఆమె నాటకశాలలోకి తెచ్చింది. 1973లో అతని ‘సిమెంట్’ నాటకం తొలి ప్రదర్శనకు తానే దర్శకత్వం వహించింది. సోవియట్ రచయిత గ్లాద్కోవ్ నవల ఆధారంగా రాసిన ఆ నాటకంలో విప్లవం గెలిచాక మిగిలిన మనుషుల గాయాలు, గ్రీకు పురాణ శకలాలతో కలిసి కనిపిస్తాయి. అదే 1961 ఉదంతంలో దర్శకుడిగా శిక్ష అనుభవించిన బి. కె. ట్రాగెలేన్‌కు, చిత్రకారుడు ఐనార్ ష్లేఫ్‌కు అవకాశమిచ్చింది. వారిద్దరూ 1975లో ప్రదర్శించిన స్ట్రిండ్‌బర్గ్ ‘మిస్ జూలీ’ కొద్ది రోజులకే ఆగిపోయింది. తరువాతి తరం ఒపెరా దర్శకుడు పీటర్ కోన్‌విచ్నీ కూడా ఆ రోజులలో అక్కడే సహాయకుడిగా పనిచేశాడు.

1974లో ఆమె ‘తల్లి’ని చేపట్టింది. బ్రెహ్ట్ 1930–31లో రాసి, 1951లో వైగెల్ ప్రధాన పాత్రతో పునఃప్రదర్శించిన నాటకమిది. వైగెల్ నటించిన పెలగేయా వ్లాసొవా పాత్ర ఆ నాటకశాలకు దాదాపు ఇష్టదైవం. బెర్గ్‌హౌస్ ఆ నమూనాను పక్కనబెట్టి, ఓర్పు, వివేకం మూర్తీభవించిన తల్లి స్థానంలో కరుకైన, అందమెరుగని లోకాన్ని నిలిపింది. బ్రెహ్ట్ వారసులకు, నాటకసమాజంలోని పాతతరానికి ఇది వారసత్వ ధ్వంసంగా తోచింది. ప్రదర్శన హక్కులు వారసుల చేతిలో ఉన్నందువల్ల వారి అసంతృప్తి ఒక అభిప్రాయంగా మిగలక అధికారంగా పనిచేసింది. 1976 నవంబరులో గాయకకవి వోల్ఫ్ బీర్మన్ పౌరసత్వాన్ని ప్రభుత్వం రద్దు చేయడంతో కళారంగంపై పట్టు మరింత బిగిసింది. 1977లో బెర్గ్‌హౌస్ పదవి ముగిసింది. ఆమె స్థానంలోకి వెక్‌వెర్త్ తిరిగి వచ్చాడు.

ఈ ఘట్టాన్ని సృజనకూ నిరంకుశత్వానికీ జరిగిన పోరాటంగా మాత్రమే చదవడం తేలిక, కాని అసంపూర్ణం. వెక్‌వెర్త్ కూడా బ్రెహ్ట్ శిష్యుడే, సమర్థుడైన దర్శకుడే. ‘కొరియొలానస్’లో ఇద్దరూ కలిసి పనిచేసినవారే. బెర్గ్‌హౌస్ ప్రదర్శనలన్నీ ప్రేక్షకులను ఆకట్టుకున్నవీ కావు. రాజ్యం, పార్టీ, వారసులు, నటులు అందరూ బ్రెహ్ట్ పేరుతోనే మాట్లాడారు. నమూనాను కాపాడాలనే వాదంలో బ్రెహ్ట్ మాటలున్నాయి. నమూనాను దాటాలనే వాదంలోనూ బ్రెహ్ట్ మాటలే ఉన్నాయి. గెలిచింది హక్కు పత్రాలున్న పక్షం.

7. వాగ్నర్‌లోకి బ్రెహ్ట్

బెర్గ్‌హౌస్ తిరిగి బెర్లిన్ ప్రభుత్వ ఒపెరాకు వెళ్లింది. 1979లో అక్కడ వాగ్నర్ ‘రైన్ నది బంగారం’ ప్రదర్శించింది. నాలుగు భాగాల ‘నీబెలుంగ్ ఉంగరం’లో అది మొదటిది, మిగిలిన మూడూ రావలసి ఉంది. రాలేదు. కొన్ని ప్రదర్శనల తరువాత మొదటి భాగమూ ఆగిపోయింది.

అదే కాలంలో పశ్చిమ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఒపెరా ఒక కొత్త దశలో ఉంది. 1977 నుంచి దాని అధిపతి, వాద్యబృంద నిర్వాహకుడు మిషాయెల్ గీలెన్. నాటకశాస్త్ర సలహాదారు క్లౌస్ త్సెహెలైన్. ఒపెరా అంటే కంఠాల ప్రదర్శనశాల కాదని, ఆలోచనకు చోటని నమ్మిన బృందం అది. వారి ఆహ్వానం మీద బెర్గ్‌హౌస్ 1980లో ‘మాయా వేణువు’, 1981లో ‘అంతఃపురం నుంచి అపహరణ’, 1982లో ‘పార్సిఫాల్’, 1983లో బెర్లియోజ్ ‘ట్రోజన్లు’, 1985 నుంచి 1987 వరకు ‘ఉంగరం’ నాలుగు భాగాలూ ప్రదర్శించింది. స్వదేశంలో మొదటి మెట్టు దగ్గర ఆగిన నిర్మాణం సరిహద్దు అవతల పూర్తయింది.

తూర్పు జర్మనీ ప్రభుత్వం దీనిని ఎలా అనుమతించింది? విదేశీ ఒప్పందాలు ప్రభుత్వ కళాకార సంస్థ ద్వారా జరిగేవి. సంపాదించిన విదేశీ మారక ద్రవ్యంలో కొంత రాజ్యానికి చేరేది. పైగా ఇంట ఇబ్బంది పెట్టే కళాకారులు బయట పనిచేస్తే రెండు విధాల లాభం. ఫెల్సెన్‌స్టైన్ శిష్యుడు గోట్స్ ఫ్రీడ్రిష్ 1972లో పశ్చిమానికి వెళ్లి తిరిగి రాలేదు. బెర్గ్‌హౌస్ ప్రతిసారీ తిరిగి వచ్చింది. బెర్లిన్‌లోనూ పని మానలేదు. 1987లో అక్కడ షేన్‌బెర్గ్ ‘మోసెస్, ఆరన్’ను ప్రదర్శించింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆమె పనితీరుకు కేంద్రం గాయకుల చేష్ట. ఒక పాత్ర ఒక చేష్టను మొదట ఒక సందర్భంలో చేస్తుంది. గంట తరువాత వేరొక పాత్ర, పూర్తిగా వేరే సందర్భంలో, అదే చేష్టను చేస్తుంది. మాటలో, కథలో ఆ రెండింటికీ సంబంధం కనిపించదు; ప్రేక్షకుడే దానిని వెతుక్కోవాలి. వాగ్నర్ సంగీతంలో సూచక స్వరాలు ఇదే విధంగా తిరిగి వస్తాయి. స్వరకర్త చెవికి చేసినదాన్ని బెర్గ్‌హౌస్ కంటికి చేసింది, కాని రెండూ ఒకేచోట, ఒకే క్షణంలో కలవకుండా జాగ్రత్తపడింది. స్వరం పాత ప్రతిజ్ఞను గుర్తుచేస్తుండగా దేహం మరో కథ చెబుతుంది. బ్రెహ్ట్ వాగ్నర్ మీద ఆయుధంగా తయారుచేసిన అంగాల విభజన, ఇక్కడ వాగ్నర్‌ను చదివే సాధనంగా మారింది. రంగశిల్పి ఆక్సెల్ మాన్‌టై ‘పార్సిఫాల్’, ‘ఉంగరం’లకు రూపొందించిన వేదికలు కూడా కథాస్థలాన్ని చిత్రించక సంకేతాలుగా నిలిచాయి.

తొలి ప్రదర్శనల రాత్రులు సభలో ఈలలు, కరతాళధ్వనులు పోటీపడ్డాయి. విమర్శకుల ప్రధాన అభ్యంతరం ఒకటి ఇప్పటికీ చర్చించదగినదే: ఈ సంకేతాల భాష దర్శకురాలికి మాత్రమే తెలిసినదైతే, ప్రేక్షకుణ్ణి ఆలోచింపజేయాలన్న బ్రెహ్ట్ ఆశయం నెరవేరుతుందా? కొన్ని చోట్ల ఈ అభ్యంతరంలో నిజముంది. బ్రెహ్ట్ చేష్ట వెంటనే సామాజిక సంబంధాన్ని చూపుతుంది: ఎవరు ఎవరికి వంగుతున్నారు, ఎవరు డబ్బు లెక్కపెడుతున్నారు. బెర్గ్‌హౌస్ చేష్ట తరచు ఆ స్పష్టతను వదులుకుంది. అయితే ‘ట్రోజన్లు’ వంటి రచనలో, వినాశనాన్ని ముందే చూసి చెప్పినా ఎవరూ నమ్మని కసాండ్రా పాత్రలో, ఈ పద్ధతి ఆశ్చర్యకరంగా కుదిరింది. ఆ పాత్ర పాడినది ఆన్యా సిల్యా. ఆమె చెప్పేది అర్థం కాకపోవడమే అక్కడి కథ.

1987లో గీలెన్ పదవీకాలం ముగిసింది. అదే ఏడాది నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఒపెరా వేదిక అగ్నికి ఆహుతైంది.

8. మళ్లీ ‘ఎలెక్ట్రా’

యుద్ధంలో ధ్వంసమైన డ్రెస్డెన్ ఒపెరా గృహం 1985 ఫిబ్రవరి 13న, బాంబు దాడికి నలభై ఏళ్లు నిండిన రోజున, తిరిగి తెరుచుకున్నది. మరుసటి ఏడాది బెర్గ్‌హౌస్ తన జన్మనగరంలో ‘ఎలెక్ట్రా’ను చేపట్టింది. ఆ ఒపెరా 1909లో మొదటిసారి ప్రదర్శితమైనదీ డ్రెస్డెన్‌లోనే. స్ట్రౌస్ కోరిన వందకు పైగా వాద్యకారులను ఆమె, రంగశిల్పి హాన్స్ డీటర్ షాల్ వేదిక మీదనే కూర్చోబెట్టారు. ఆ వాద్యసముద్రం నడుమ ఈతకొలనులోని దూకుడు మంచెలా ఒక ఎత్తైన కట్టడం లేచింది. గాయకులు దాని అంతస్తుల మీద నిలిచి పాడారు. ఎలెక్ట్రా నిరీక్షణ అంతా ఆ ఎత్తులో, దూకడానికి అంచున నిలబడిన మనిషి నిరీక్షణగా కనిపించింది. సాధారణంగా గోతిలో దాగి ఉండే వాద్యబృందం ఇక్కడ దృశ్యంలో భాగమైంది. సంగీతం ఎక్కడి నుంచి వస్తున్నదో దాచకపోవడం కూడా అంగాల విభజనే. 1967లో తొలగించిన రచనకు పందొమ్మిదేళ్ల తరువాత దొరికిన ఈ రెండవ రూపం, ఆమె కృషిలో అత్యున్నతమైన వాటిలో ఒకటి.

షాల్‌తో ఆమె 1988లో హాంబుర్గ్‌లో చేసిన ‘ట్రిస్టాన్, ఇసోల్డె’ దశాబ్దాల పాటు అక్కడ ప్రదర్శితమైంది. అదే ఏడాది వియన్నాలో క్లౌడియో అబ్బాడో నిర్వహణలో షూబర్ట్ ‘ఫీరాబ్రాస్’, 1991లో బెర్లిన్‌లో దెబ్యుస్సీ ‘పెల్లెయాస్, మెలిసాండ్’, 1993లో జూరిక్‌లో వెబర్ ‘ఫ్రైషూట్స్’ వచ్చాయి. నాటకాన్నీ విడిచిపెట్టలేదు, హాంబుర్గ్‌లో బ్యూష్నర్‌ను, వియన్నా బుర్గ్ నాటకశాలలో బ్రెహ్ట్‌ను ప్రదర్శించింది. 1990 తరువాత ఆమెను పోషించిన, ఆటంకపరిచిన రాజ్యం లేదు. అప్పటికి ఆమె వయసు అరవై మూడు. కొత్త జర్మనీలో ఆమె ఎక్కడా నాటకశాల అధిపతి కాలేదు. 1996 జనవరి 25న బెర్లిన్ సమీపంలోని త్సోయ్టెన్‌లో మరణించింది. బ్రెహ్ట్, వైగెల్, దెస్సావ్ సమాధులున్న డొరొతేన్‌ష్టాట్ శ్మశానవాటికలోనే ఆమెనూ ఖననం చేశారు.

9. నిలిచిన ప్రదర్శన

దర్శకుల చరిత్ర రాసేవారికి ఆధారాల సమస్య తప్పదు. నాటక రచన నిలుస్తుంది, స్వరలిపి నిలుస్తుంది. దర్శకుడి పని చివరి ప్రదర్శనతో ముగుస్తుంది. బెర్గ్‌హౌస్ పత్రాలు, రిహార్సల్ పుస్తకాలు, చిత్రాలు బెర్లిన్ కళల అకాడమీలో ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ ‘ఉంగరం’ ఇప్పుడు ఛాయాచిత్రాలలో, సమీక్షలలో, చూసినవారి జ్ఞాపకాలలో మాత్రమే ఉంది.

వీటన్నింటి నడుమ 1968 నాటి ‘సెవిల్ క్షురకుడు’ ప్రత్యేకమైన ఆధారం. తూర్పు జర్మనీ అంతరించినా, దర్శకురాలు గతించినా అది బెర్లిన్ ప్రభుత్వ ఒపెరా కార్యక్రమంలో కొనసాగింది. యాభై ఏళ్లు దాటింది, మూడు వందలకు పైగా ప్రదర్శనలు జరిగాయి. మొదట జర్మన్‌లో పాడినదాన్ని తరువాత ఇటాలియన్‌లో పాడుతున్నారు. ప్రతి పునఃప్రదర్శనకు ముందు సహాయ దర్శకులు పాత రిహార్సల్ పుస్తకాన్ని తెరిచి, ఏ స్వరానికి ఏ అడుగు, ఏ పదానికి ఏ మలుపు అన్నది కొత్త గాయకులకు నేర్పుతారు. వారిలో చాలామంది 1968 నాటికి పుట్టనివారు. బెర్లినర్ ఎన్‌సాంబుల్‌లో ఏ నమూనాలను పక్కకు నెట్టినందుకు ఆమె పదవి పోగొట్టుకున్నదో, అచ్చంగా అటువంటి నమూనాగా ఆమె ప్రదర్శన ఇప్పుడు భద్రంగా ఉంది. అందులో ఫిగారో వేసే అడుగు ఇప్పటికీ ఆమె గీసిన చోటనే పడుతుంది.